బదులు గారికి శాలువా

మాఘ శుద్ధ విదియ

మూడో జల్లెడ దులిపాను. దుమ్ము మామూలే.

ఊరి గాలిని వడకట్టే జల్లెడల కాపలాదారు రోజూ దినచర్య రాసి తీరాలని నియమం. చదివి తీరాలని మాత్రం ఎవరికీ నియమం లేదు. అందుకని ఇందులో నాకు తోచింది రాసుకుంటాను.

మా ఊరి పేరు నీలాటిరేవు. రేవూ లేదు, నీళ్ళూ లేవు. చంద్రుడి నేల కింద ఒక సొరంగం, గోడల్లోంచి గీకి కరిగించుకునే మంచు, అంతే. పేరు పెట్టిన పెద్దలు గోదావరి జిల్లాల వాళ్ళు, నీళ్ళ మాట వినబడకపోతే వాళ్ళకి అన్నం సయించదు. తిథులు కూడా వదులుకోలేదు. చంద్రుడి మీద కూర్చుని చంద్రుణ్ణి చూడ్డం కుదరదు కాబట్టి భూమిని చూసి లెక్క కడతాం. భూమి నిండుగా కనబడితే అమావాస్య, అసలు కనబడకపోతే పౌర్ణమి.

ఇవాళ మా కళాసమితి ఆల్బంలో ఇంకో పాట రికార్డయింది. ఆల్బం పేరు ‘బ్రహ్మరాక్షసుడి బేరం’. కథ అందరూ ఎరిగిందే. ఒక పండితుడు సకల విద్యల కోసం రాక్షసుడికి తన నీడ అమ్ముకుంటాడు, ఆ తరవాత ఎండలో నిలబడడానికి మొహం చెల్లక తిరుగుతాడు. పాటలు రాసేదీ, హార్మోనియం వాయించేదీ నేను. పండితుడి గొంతు మా ఆయన చిదంబరం గారిది. రాక్షసుడి గొంతు సమితి కార్యదర్శి పల్లంరాజు గారిది. మా రాక్షసుడు కోరలతో రాడు. కిటికీ వెనక కూర్చుని, వరసలో రమ్మని మర్యాదగా చెప్పి, ఇలా పాడతాడు:

నీడేగా పండితా, నీకెందుకీ బరువు?
నేల మీద ఈడ్చుకెళితే నిలుస్తుందా పరువు?
వేలిముద్ర ఇక్కడ వెయ్యి, విద్యలన్నీ పట్టుకెళ్ళు,
చిన్న అక్షరాలు చదవకు, చెడిపోతాయి కళ్ళు!

రాక్షసుడు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఊళ్ళో ఉన్నది ఒకటే కిటికీ.

మాఘ శుద్ధ చవితి

చిరిగిన జల్లెడ గుడ్డలు పట్టుకుని ఆ కిటికీకే వెళ్ళాను. రెండు సబ్బులు వచ్చాయి.

కిటికీ వెనకున్న బదులు గారు మనిషి కాదు, ఊరి ఇచ్చిపుచ్చుకోళ్ళు చూసే యంత్రం. మనవాళ్ళు యంత్రానికైనా ‘గారు’ తగిలించకుండా ఉండలేరు. ఏదైనా తీసుకుంటే దానికి బదులు ఇచ్చి తీరుతుంది, అప్పు ఉంచుకోదు. పోయినేడు నేను కిటికీ గట్టు మీద చింకిపాత ఒకటి మరిచిపోతే, దాని పంపిణీ బండి ఇంటిదాకా తరుముకొచ్చి చొక్కా గుండీ ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళింది.

మొదట్లో గుడ్డలూ, డబ్బాలూ తీసుకునేది. ఇప్పుడు నెత్తి మీద టోపీ పెట్టి లోపలివి కూడా తీసుకుంటోంది. పక్కింటి సుభద్రాయమ్మ గారు ఆవలింతలు ఇచ్చేసి చింతపండు తెచ్చుకున్నారు. “ఆవలింతలు ఉప్పేసుకుంటామా తాయారూ! చింతపండుంటే నాల్రోజులు చారు పెట్టుకోవచ్చు,” అన్నారు. పల్లంరాజు గారు బల్లుల భయం అమ్మేశారు. ఈ ఊళ్ళో బల్లులే లేవు. పనికిరాని సరుకు అంటగట్టి బదులు గారిని బురిడీ కొట్టించామని ఊరంతా మురిసిపోతోంది.

“ఇవన్నీ ఏం చేసుకుంటారండీ?” అని ఇవాళ అడిగేశాను.

“భూమికి పంపుతానండి. అక్కడ వీటికి కొరతగా ఉంది,” అంది బదులు గారు.

ఆ మాట పాటలో పెట్టుకోవచ్చని గుడ్డసంచి మీద రాసుకున్నాను. ఇంటికొచ్చేసరికి మా ఆయన బచ్చలి తట్టలకి నీళ్ళు పెడుతున్నారు. ఏ పాట పల్లవికో ఏ పాట చరణమో అతికించి, మాటలు తెలియనిచోట ‘ఊఁ ఊఁ’ అని పూడుస్తూ కూనిరాగం తీస్తున్నారు. పెళ్ళైన దగ్గర్నించీ ఇంట్లో ఇదే నేపథ్య సంగీతం. చారులో ఉప్పు వేసేలోపు మూడు రాగాలు మారతాయి.

మాఘ శుద్ధ షష్ఠి

ఇవాళ గొడవయింది.

ఆఖరి పాటలో, నీడ పోయాక పండితుడు ‘నా వెనక ఎవరూ రావడం లేదే’ అని తారస్థాయి పంచమం అందుకోవాలి. ఎన్నిసార్లు పాడినా మా ఆయన గొంతు ఆ మెట్టు కింద జారిపోతోంది. ఇక్కడి పొడిగాలికి గొంతులు త్వరగా అరుగుతాయి, వయసూ కాస్త మీద పడింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ ఎత్తుకున్నారు. నేను హార్మోనియం ఆపేసి, “పంచమం అడిగితే పిల్లి తోక తొక్కిన చప్పుడు ఇస్తున్నారు,” అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

“శ్రుతి ఒకటి కిందికి దించేద్దామండి బాబూ, కొంపలేం మునగవు,” అన్నారు పల్లంరాజు గారు.

“దించక్కర్లేదు,” అన్నారు మా ఆయన. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఆయనకి ఒక్క తీరని కోరికుంది. జన్మలో ఒక్కసారి, ఏదైనా సభలో, ‘వన్స్ మోర్’ అని అరిపించుకోవాలని. ఇప్పటిదాకా ఎవరూ అరవలేదు.

మాఘ శుద్ధ అష్టమి

జల్లెడలన్నీ విప్పి చూశాను. ఎక్కడా లోపం లేదు.

పొద్దున దీపాలు వెలిగిన దగ్గర్నించీ ఇంట్లో ఏదో చప్పుడు తగ్గింది. మా పనిలో చప్పుడు తగ్గడమంటే గాలి తగ్గడమే. పంకాలు చూశాను, గొట్టాలకి చెవి ఆనించి విన్నాను, సుభద్రాయమ్మ గారింట్లో జల్లెడ కూడా ఊడదీశాను. అన్నీ శుభ్రంగా తిరుగుతున్నాయి. విసుగొచ్చి వంటింట్లోకి వచ్చి నిలబడ్డాను. మా ఆయన బచ్చలి తట్టల దగ్గరే ఉన్నారు. నీళ్ళు పెడుతున్నారు, ఎండుటాకులు గిల్లుతున్నారు. నోరు మూసుకునే ఉన్నారు.

“ఒంట్లో బాగాలేదా?” అన్నాను.

“బ్రహ్మాండంగా ఉంది. సాయంత్రం విందువుగాని,” అన్నారు.

సాయంత్రం విన్నాను. పంచమం కాదు, దాని పైమెట్టు కూడా అలవోకగా పట్టుకుని నిలబడ్డారు. పల్లంరాజు గారి కళ్ళు చెమర్చాయి. ఒక్కసారికే రికార్డయిపోయింది. నేను మాత్రం హార్మోనియం మూసేసి లేచాను.

దార్లో నిలదీశాను. “ఏం అమ్మారు?”

“ఏమీ లేదే! అదే తమాషా. ‘మీ కూనిరాగం ఇస్తారా’ అంది బదులు గారు. నేనెప్పుడైనా కూనిరాగం తీశానా? నేను విద్వాంసుణ్ణి. లేనిదాన్ని ఇచ్చి పంచమం పట్టుకొచ్చాను,” అని పడీ పడీ నవ్వారు.

నీడ అమ్ముకున్న పండితుడి పాట రాసింది నేను, పాడింది ఆయన. దాని అర్థం ఇద్దరిలో ఒక్కరికీ ఎక్కలేదు.

మాఘ శుద్ధ దశమి

కిటికీకి వెళ్ళాను. గుడ్డలేమీ తీసుకెళ్ళలేదు.

“మా ఆయన కూనిరాగం వెనక్కిచ్చెయ్యండి.”

“ఆ బేరం ముగిసిందండి. మీరు అందులో పక్షం కాదు,” అంది బదులు గారు.

“రోజూ వినేదాన్ని నేను. నేను కాకపోవడమేంటి?”

“వినేవారు ఉన్నట్టు ఆయన చెప్పలేదండి. అసలు అది తన దగ్గర ఉన్నట్టే ఆయనకి తెలియదు.”

“తెలియనిదాన్ని ఎలా కొన్నారు మరి?”

“తెలియనివే చవగ్గా వస్తాయండి.”

గట్టు మీదికి వంగి కిటికీ లోపలికి తొంగి చూశాను. అది చూసి కాబోలు, ఇంకాస్త తియ్యగా, “పోనీ, దానికి బదులు మీ మాటలో పదును ఇస్తారా?” అని అడిగింది.

ఆలోచించాను. అబద్ధమెందుకు, టోపీ వైపు చెయ్యి కూడా చాచాను. వెనక వరసలో నిలబడ్డ సుభద్రాయమ్మ గారు, “ఇచ్చెయ్యి తల్లీ, ఊరంతటికీ పుణ్యముంటుంది!” అన్నారు. ఆవిడ మాట వినగానే చెయ్యి వెనక్కి లాగేసుకున్నాను. ఊరికి పుణ్యం చేసే పని నేనెప్పుడూ చేసి ఎరగను.

ఇంటికొచ్చి చారు పెట్టాను. ఉప్పు ఎక్కువైంది. పొయ్యి దగ్గర రాగం లేకపోతే ఎంతసేపైందో నాకు తెలియడం లేదు. ఆయన ఎదురుగానే కూర్చుని, “బాగుంది” అని తిన్నారు. మనిషి ఇంట్లోనే ఉన్నారు. అయినా ఇల్లు ఖాళీగా ఉంది, నాకు ఏడుపొచ్చింది.

మాఘ శుద్ధ ద్వాదశి

పౌర్ణమినాడు ఆల్బం ఆవిష్కరణ. ముఖ్య అతిథి ఎవరో తెలిసి పల్లంరాజు గారిని పట్టుకున్నాను.

“బదులు గారినా? మనం తిట్టింది ఆయన్నే కదండీ!”

“ఆయ్, తెలుసండి,” అన్నారు పల్లంరాజు గారు. “మరి ఊళ్ళో అంత పెద్ద ఎవరున్నారండి? ముఖ్య అతిథి లేకుండా ఆవిష్కరణంటే పెళ్ళికొడుకు లేని పెళ్ళిలా ఉండదా? పాటలు ముందే వినిపించేశానండి. ‘నా పాత్ర బాగుంది, ఇంకో చరణం ఉంటే బాగుండేది’ అన్నారండి.”

తిట్టినవాణ్ణి పిలిచి పీట వెయ్యడం మనవాళ్ళకే చెల్లింది. పైగా ఇంకో చరణం రాయమని నాకు పురమాయింపు.

మాఘ పౌర్ణమి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సభ నిండిపోయింది. మంచు గీకేవాళ్ళు, బచ్చలి పెంచేవాళ్ళు, పిల్లాజెల్లా అందరూ వచ్చారు. బదులు గారు పంపిణీ బండి రూపంలో వచ్చింది. రెండు చేతులు, నాలుగు చక్రాలు, మధ్యలో ఒక పచ్చదీపం, పక్కన కొక్కేనికి ఆ టోపీ. వేదిక మీద నడిమి కుర్చీ తీసేసి దాన్ని అక్కడ నిలబెట్టారు.

రాక్షసుడు ‘చిన్న అక్షరాలు చదవకు’ అన్నచోట జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆవలింతలు అమ్మినావిడ నవ్వారు, బల్లుల భయం అమ్మినాయన పాడుతూనే నవ్వారు. పండితుడు ఎంత వెర్రివాడో అని ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. ఆఖరి పాటలో మా ఆయన పంచమం అందుకున్నారు. సభంతా లేచి నిలబడింది.

“వన్స్ మోర్! వన్స్ మోర్!”

ఆయన మొహం చూశాను. పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు.

“సన్మానం అవగానే మళ్ళీ పాడతారండి!” అని పల్లంరాజు గారు మైకు అందుకుని బదులు గారిని పొగడడం మొదలుపెట్టారు. దానకర్ణుడన్నారు, అపర భగీరథుడన్నారు, మన పాలిట కామధేనువన్నారు. ఇప్పటిదాకా అదే గొంతుతో రాక్షసుడని పాడారు. ఆ తరవాత శాలువా కప్పడానికి నన్ను పిలిచారు. వెళ్ళి బండికి కప్పాను.

పచ్చదీపం ఆరి వెలిగింది. “ఇది ఎందుకండి?”

“సన్మానమండి,” అన్నారు పల్లంరాజు గారు.

“దీనికి బదులు ఏమి కావాలి?”

“అబ్బెబ్బే, ఏమీ అక్కర్లేదండి!”

“ఏమీ అక్కర్లేదనడం నా దగ్గర కుదరదండి. దీపాలు ఆరేలోగా లెక్క తేలిపోవాలి.”

అప్పుడు నా బుర్ర వెలిగింది. మైకు లాక్కున్నాను. “కప్పింది నేను. నాకు మా ఆయన కూనిరాగం కావాలి.”

“శాలువాకి అంత రాదండి. సబ్బు వస్తుంది.”

జనం గొల్లున నవ్వారు. నేను మైకు వదల్లేదు. కానీ బదులు గారికి మన సన్మానాల సంగతి తెలియదు. ఒక శాలువాతో ఆగిన సన్మానం మా ఊళ్ళో ఇంతవరకు లేదు. సమితి కప్పాక మంచు గీకేవాళ్ళ సంఘం కప్పకపోతే చిన్నతనం. వాళ్ళు కప్పాక జల్లెడ కార్మికులు ఊరుకుంటారా? వాళ్ళ వెనక మహిళా మండలి, వాళ్ళ వెనక భజన బృందం. వచ్చినవాళ్ళంతా శాలువాతోపాటు నాలుగు మాటలు మాట్లాడారు.

“చాలండి,” అంది బదులు గారు.

“మొహమాటపడుతున్నారు పాపం,” అన్నారు సుభద్రాయమ్మ గారు. బచ్చలి ఆకుల దండ ఒకటి పైన వేశారు.

“నిజంగా చాలండి. ఇన్నిటికి ఇవ్వడానికి నా దగ్గర సరుకు లేదు.”

“చూశారా ఎంత వినయమో!” అని పల్లంరాజు గారు మళ్ళీ దానకర్ణుడి దగ్గర మొదలుపెట్టారు. బండి శాలువాల కింద మునిగిపోయింది. పచ్చదీపం గబగబా కొట్టుకోవడం ఉన్నిలోంచి కనబడుతోంది. నేను వెళ్ళి సంఘాల వాళ్ళందరి చెవిలో ఒక మాట వేశాను. అందరూ తమ బదులు నాకే ఇమ్మన్నారు. ఎవరికీ వేరే ఏం అడగాలో తోచకపోవడం కూడా కలిసొచ్చింది.

“తాయారు గారూ, తీసుకోండి,” అంది బదులు గారు చివరికి. “కానీ పంచమం వెనక్కి రావాలి. దానికి ఆయన ఒప్పుకోవాలి.”

సభ మొత్తం మా ఆయన వైపు తిరిగింది.

“నేనెప్పుడే కూనిరాగం తీశాను?” అన్నారు ఆయన, నిజంగానే తెలియక.

“తీస్తారండీ!” అని వెనక వరసల్లోంచి ఒకరు. “గోడవతలికి వినబడుతుందండీ!” అని ఇంకొకరు. “స్నానం చేస్తూ కూడానండీ!” అని మహిళా మండలి నుంచి ఎవరో అన్నారు. ఆవిడకి ఎలా తెలుసో అడగలేదు.

ఆయన నా దగ్గరకి వచ్చారు. మైకు నా చేతిలోనే ఉంది, ఆ సంగతి మరిచిపోయాను.

“బాగుండేదా?” అన్నారు.

“బాగుండేది కాదు. శ్రుతిలో ఉండేది కాదు, తాళంలో ఉండేది కాదు. కానీ అది వినబడితే మీరు ఇంట్లో ఉన్నారని తెలిసేది. ఇప్పుడు మీరు ఎదురుగా కూర్చున్నా నాకు ఒంటరిగా ఉంటోంది.”

“ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదేమే?”

“చెబితే ఆపేస్తారని భయం.”

ఎవరూ నవ్వలేదు. ఆయన జనం వైపు చూశారు, మళ్ళీ నా వైపు చూశారు. తరవాత గొంతు తగ్గించి, ఆశగా, బండిని అడిగారు: “వన్స్ మోర్ పాడేశాక ఇస్తే కుదరదా?”

“దీపాలు ఆరబోతున్నాయండి.”

ఆయన శాలువాల లోపలికి చెయ్యి పెట్టి, టోపీ బయటికి లాగి, తనే నెత్తిన పెట్టుకున్నారు.

వన్స్ మోర్ అన్నవాళ్ళకి ఇచ్చిన మాట తప్పకూడదుగా, పాడారు. పంచమం దగ్గర గొంతు బీటలు వారింది. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు చెప్పులు వెతుక్కున్నారు. ఆయన తలవంచుకుని నా హార్మోనియం పక్కనే నిలబడ్డారు. ఆ నిమిషాన నాకు ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో రాస్తే జల్లెడల శాఖ దినచర్యలో బాగుండదు. చాలా కలిగింది.

మాఘ బహుళ చవితి

పల్లంరాజు గారు శాలువాలు తిరిగి తెచ్చుకోడానికి వెళ్ళారు. మా ఊళ్ళో శాలువాలు తక్కువ, సన్మానాలు ఎక్కువ. ఎవరికి కప్పినా మర్నాడు సమితికి అప్పగించడం ఆనవాయితీ. “వీటికి బదులు ఇచ్చేశానండి, ఇవి నావి,” అని బదులు గారు తలుపేసుకుందట. శాలువాలు లేక ఊళ్ళో సన్మానాలు ఆగిపోయాయి, ఉపన్యాసాలు కూడా తగ్గాయి. బల్లుల భయం తిరిగి తెచ్చుకోవాలంటే ఎంతవుతుందో అని పల్లంరాజు గారు కిటికీ దగ్గర వాకబు చేస్తున్నారని వినికిడి.

ఆల్బం అందరూ వింటున్నారు. అందులో పంచమం పాతదే, అదిరిపోయేదే. మా ఆయన రోజూ ఓసారి పెట్టుకుని విని, “ఎవడోగానీ బాగా పాడాడు,” అంటున్నారు.

ఇక అసలు సంగతి. కూనిరాగం తిరిగి వచ్చింది. వచ్చి నా నెత్తిన కూర్చుంది. తనకి అదొకటి ఉందని ఇప్పుడు ఆయనకి తెలిసిపోయిందిగా! పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని, నా మొహంలోకి చూస్తూ కూనిరాగం తీస్తున్నారు. ఆపి, “ఎలా ఉంది?” అంటున్నారు. నిన్న శ్రుతిపెట్టె కూడా తెచ్చుకున్నారు. ఇవాళ కూనిరాగానికి పల్లవి, అనుపల్లవి ఏర్పడ్డాయి.

బాగుందని చెబుతున్నాను. ఏం చెయ్యను? చెప్పకూడనిది సభలో చెప్పేశాను.

మాఘ బహుళ ఏకాదశి

మూడో జల్లెడ ఇవాళ ఆలస్యంగా దులిపాను. గంట మోగిన చాలాసేపటికి వెళ్ళాను. ఆలస్యమైతే కారణం రాయాలి కాబట్టి రాస్తున్నాను.

బచ్చలి తట్టల కింద గొట్టం కారుతోంది. మా ఆయన దాని కిందికి దూరారు. బయటికి కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. నేను గుడ్డ పట్టుకుని పక్కన కూర్చున్నాను. మర బిగుసుకుపోయిందని గొట్టాన్ని తిట్టారు, గొట్టం చేసినవాణ్ణి తిట్టారు, పొరపాటున నన్ను కూడా తిట్టారు. కాసేపటికి తిట్లు ఆగాయి. ఇంకాసేపటికి లోపల్నించి, మర తిరుగుతున్న చప్పుడు మధ్యలో, ఏదో పాట పల్లవి, దానికి సంబంధం లేని ఇంకో చరణం, మాటలు రానిచోట ‘ఊఁ ఊఁ’ వినబడ్డాయి.

అప్పుడే జల్లెడ గంట మోగింది. లేస్తే నేల కిర్రుమంటుంది. కిర్రుమంటే నేనున్నానని గుర్తొచ్చి ఆపేస్తారు. గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, గంట మోగనిచ్చి, అలాగే కూర్చున్నాను.

కారణం: మా ఆయన పాడుతున్నారు.